విత్తే రోజు ఎవరు చెప్పాలి?

ఖాజీపేట నుంచి పడమటికి ఒకరోజు తిరిగొస్తే "విత్తనం ఎప్పుడెయ్యాల?" అన్న ఒక్క ప్రశ్నకు మూడు జవాబులు దొరుకుతాయి.

మొదటిది ఖాజీపేటలోనే. కడప-మైదుకూరు దారిలో ఉన్న ఈ ఊరి చుట్టుపక్కల చాలా పొలాలు కె.సి. కెనాల్ ఆయకట్టు. పడవలూ నడుస్తాయి, పొలాలూ పారతాయి అని 1860లలో ఒక ఇంగ్లీషు కంపెనీ లెక్కవేసి తవ్విన కాలువ అది. గిట్టుబాటు కాక చేతులెత్తేస్తే 1882లో సర్కారు కొనుక్కుంది. ఆ కాలువ కింద వరి నాటేవాళ్లు ముందు చూసేది సుంకేశుల దిక్కు, ఆకాశం దిక్కు తర్వాత. నీళ్లు ఎప్పుడు వదుల్తారో తెలిసిన రోజున నారుమడి సంగతి తేలుతుంది.

ప్రొద్దుటూరు దాటి జమ్మలమడుగు నల్లరేగడిలో అడిగితే ఇంకో మాట చెబుతారు. అక్కడ శనగ వెయ్యాలంటే వాన కోసం కాదు, వాన తెరిపివ్వడం కోసం చూడాలి. ముసురు తగ్గి, పైన ఆరి, లోపల తడి నిలిచాక అక్టోబరు-నవంబరులో విత్తుతారు. ఆ పంట తాగబోయే నీళ్లలో ఎక్కువ భాగం విత్తే రోజుకే నేలలో ఉంటాయి. అందుకే శనగ రైతుది కొంచెం నిబ్బరమైన సేద్యం.

ఇక పులివెందుల వైపు, అటునుంచి అనంతపురం దాకా, బోరు లేని ఎర్రనేలల రైతు. మేం శెనక్కాయ అనే వేరుశనగ అతని పంట. అతనికి కాలువా లేదు, నేలలో దాచుకున్న తడీ లేదు. ఉన్నదంతా పైనుంచి రావలసిందే. విత్తే రోజు తప్పితే ఆ ఏడాది మొత్తం తప్పినట్టే.

ఈ మూడో రైతు ప్రశ్నను కంప్యూటర్ల ముందు పెట్టినవాళ్ల కథ ముప్పై ఏళ్ల పైబడిన చరిత్ర. అందులో బెంగళూరు ఉంది, ఆస్ట్రేలియా ఉంది, తెలంగాణ పల్లెలున్నాయి, కర్నూలు జిల్లా దేవనకొండ ఉంది. ఆ చరిత్రను ఇక్కడి నేల మీద నిలబడి ఒకసారి చూసుకుందాం అనిపించి ఈ నాలుగు మాటలు.

కార్తెలు తెలిసిన రైతుకు కొత్తగా ఏం చెప్పాలి?

ముందొక సంగతి ఒప్పుకోవాలి. రైతుకు క్యాలెండర్ లేక కాదు ఈ బాధ. రోహిణి, మృగశిర, ఆరుద్ర, పునర్వసు, పుష్యమి, ఆశ్లేష అని ఇరవయ్యేడు కార్తెలు పెట్టుకుని, ఒక్కోటీ దాదాపు రెండు వారాల చొప్పున ఏడాదిని పంచుకున్న జనం మనం. ఏ కార్తెలో ఏ గింజ వెయ్యాలో చదువు రాని ముసలమ్మకు కూడా తెలుసు.

మరి ఆ తెలివి శెనక్కాయ దగ్గర ఎందుకు చాలకపోయింది? 1990లలో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో రుతుపవనాల మీద పనిచేసిన సులోచనా గాడ్గిల్, ఆమెతో కలిసి పరిశోధన చేసిన పి.ఆర్. శేషగిరిరావు ఈ ప్రశ్నకు ఇచ్చిన సమాధానం నాకు చాలా ముఖ్యమైనదిగా కనబడుతుంది. శేషగిరిరావుది పావగడ ప్రాంతం. కర్ణాటకలో ఉన్నా, మూడు వైపులా ఆంధ్ర చుట్టుకుని, ఇళ్లలో తెలుగు మాట్లాడే తాలూకా అది. ఆయన శాస్త్రవేత్తే కాదు, సేద్యం చేసిన మనిషి కూడా.

వాళ్లన్నది ఇది: పాత సేద్యంలో కొర్ర, సజ్జ, జొన్న, కంది, అనుములు, ఆముదం కలగలిపి వేసేవాళ్లు. ఆ కలయికను, దాని అదనును తరాల తరబడి వానలతో దెబ్బలు తిని నేర్చుకున్నారు. ఒక పైరు పోయినా ఇంకోటి నిలిచేది. తర్వాత కొన్ని దశాబ్దాల్లోనే శెనక్కాయ ఒక్కటే పంటగా పరుచుకుంది. ఒక దశలో అనంతపురం జిల్లాలోనే ఏడెనిమిది లక్షల హెక్టార్లలో అదే. అందులో ఎక్కువ భాగం 1940లో తిండివనం నుంచి వచ్చిన టి.ఎం.వి.-2 రకం. ఇంత వైశాల్యంలో ఒకే పంటను వేసిన అనుభవం మన తాతలకు లేదు. ఒక రైతు జీవితంలో ముప్పై, నలభై సార్లు విత్తుతాడు, అంతే. కరువేడాదీ మంచేడాదీ ఇంత తేడాగా ఉండే చోట ఆ నలభై అనుభవాలు సరిపోవు. కాబట్టి రైతు తెలివితక్కువవాడు కాదు, అతని చేతికి కొత్త పంట వచ్చింది గానీ దానికి సరిపోయే కార్తె ఇంకా రాలేదు.

ఆ లోటు తీర్చడానికి కంప్యూటర్ పనికొస్తుందా అని చూశారు వాళ్లు. అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో పుట్టిన 'పీనట్‌గ్రో' అనే పైరు నమూనా ఉంది. నేల స్వభావం, రకం, విత్తే రోజు, రోజువారీ వాన లెక్క ఇస్తే ఆకు ఎంత వేస్తుందో, ఊడలు ఎప్పుడు దిగుతాయో, కాయ ఎంత నిండుతుందో లెక్కగట్టి చెప్పే ప్రోగ్రాం. దానికి అనంతపురం వానల పాత రికార్డులు ఇచ్చి, ప్రతి ఏడాదీ వేర్వేరు తేదీల్లో విత్తినట్టు లెక్క వేశారు. పొలంలో నలభై ఏళ్లలో చెయ్యగలిగిన దానికన్నా ఎక్కువ సేద్యం ఆ యంత్రంలో జరిగిందన్నమాట.

తేలిందేమిటంటే, రైతులు జూన్ ఆఖరు నుంచి ఆగస్టు నడిమి దాకా ఎప్పుడు పదునైతే అప్పుడు విత్తుతున్నారు గానీ, జులై సగం దాటాక విత్తిన పైరుకే పూర్తిగా ఎండిపోయే గండం తక్కువ. తొందరపడి వేసిన పైరు సరిగ్గా ఊడలు దిగి కాయ పట్టే రోజుల్లో బెట్టకు చిక్కుతుంది. కాస్త ఆలస్యంగా వేసిన పైరుకు అదే దశలో సెప్టెంబరు వానలు అందుతాయి. మన లెక్కలో చెప్పాలంటే ఆరుద్రలో తొందరపడొద్దు, పునర్వసు చివర, పుష్యమి, ఆశ్లేష మేలు. ఒక కొత్త పంటకు కొత్త కార్తె దొరికింది!

ఇక్కడ ఇంకో లెక్క కూడా ఉంది, బయటివాళ్లకు తట్టనిది. కొర్ర విత్తనం ఎకరాకు కిలోల్లో పోతుంది. శెనక్కాయ విత్తనం పప్పుగా ఎకరాకు అర క్వింటాలు దాకా కావాలి. పెట్టుబడిలో పెద్ద భాగం ఆ మొదటిరోజే మట్టిలో కలుస్తుంది. కొర్ర మొలవకపోతే మళ్లీ చల్లుకోవచ్చు, శెనక్కాయ మొలవకపోతే ఇంకోసారి విత్తనాలు కొనే శక్తి ఎంతమందికి ఉంటుంది? విత్తే రోజు మీద ఇంత పట్టుదల అందుకే.

దాల్బీ నుంచి తెలంగాణకు

ఈ పని బెంగళూరులో జరుగుతున్న రోజుల్లోనే ఆస్ట్రేలియాలో ఒక గుంపు అగ్రానమిస్టులు ఇదే ప్రశ్నతో తల పట్టుకుని ఉన్నారు. వాళ్లలో ఒకరు జ్వీ హాక్‌మన్. అక్కడి ప్రభుత్వ పరిశోధన సంస్థ సి.ఎస్.ఐ.ఆర్.ఓ.లో పనిచేసిన వ్యవసాయ శాస్త్రజ్ఞుడు. ఆయన ఉద్యోగ జీవితాన్ని చూస్తే డిజిటల్ సేద్యం చరిత్ర చాలావరకు అర్థమవుతుంది.

క్వీన్స్‌లాండ్‌లో 1990ల మొదట్లో 'ఆప్సిమ్' అనే పైరు నమూనా తయారైంది. దాన్ని రైతులకు ఎలా చేరవెయ్యాలన్నదే సమస్య. అప్పటికే ప్రపంచమంతా ఇలాంటి సాఫ్ట్‌వేర్లు తయారయ్యాయి, ఫ్లాపీల్లో పంచిపెట్టారు, రైతులు వాటిని అటక మీద పెట్టేశారు. ఎందుకు వాడటంలేదని శాస్త్రవేత్తలు రైతులను తిట్టుకున్నారు. ఈ బృందంలోని బాబ్ మెకౌన్ అనే పెద్దాయన ఆ ప్రశ్నను తిరగేశారు: సాఫ్ట్‌వేర్ రైతు నిర్ణయాన్ని తీసుకోవాలని చూస్తోందా, లేక రైతు ఆలోచనకు సాయపడాలని చూస్తోందా? పొలం తనది, అప్పు తనది అయిన మనిషి తన నిర్ణయాన్ని ఒక పెట్టెకు ఎందుకు అప్పజెబుతాడు?

అక్కడినుంచి 'ఫార్మ్‌స్కేప్' అనే పని మొదలైంది. మెకౌన్, పీటర్ కార్‌బెర్రీ, హాక్‌మన్ తదితరులు దాల్బీ లాంటి మెట్టసేద్యపు ఊళ్లకు వెళ్లి, ముందు కంప్యూటర్ తెరవలేదు. రైతు పొలంలోకి గొట్టం దించి మట్టి తీశారు. ఏ లోతులో ఎంత తడి ఉందో, ఎంత నత్రజని ఉందో ఎండబెట్టి, తూచి చూపించారు. ఆ మట్టి లెక్క నమ్మకం కుదిర్చాక, రైతులు, సలహాదారులు కలిసి కూర్చుంటే అప్పుడు నమూనా నడిపారు. "ఈ తడితో ఇప్పుడు వేస్తే?", "ఇంకో పదిహేను రోజులు ఆగితే?", "ఎరువు సగం వేస్తే?" అని రైతులు అడుగుతారు, నమూనా పాత ఏళ్లన్నిటి వానలతో లెక్కేసి చూపిస్తుంది. జవాబు ఒక అంకె కాదు. నూటికి ఇన్నేళ్లు లాభం, ఇన్నేళ్లు నష్టం అని.

తర్వాత 2000లలో ఇదే ఇంటర్నెట్లోకి ఎక్కి 'యీల్డ్ ప్రాఫెట్' అయింది. దిగుబడి ప్రవక్త అని పేరు గానీ అది జోస్యం చెప్పదు, అవకాశాలను చెబుతుంది. విక్టోరియా రాష్ట్రంలో ఒక రైతు సంఘంతో కలిసి నడిపారు, రైతులు చందా కట్టి వాడుకున్నారు. అయితే కొన్నేళ్లకు ఒక విచిత్రం గమనించారు. కొందరు రైతులు బాగా వాడి, తర్వాత మానేశారు. ఓడిపోయామా అని పరిశోధకులు వెళ్లి అడిగితే తెలిసిందేమిటంటే, వాళ్లకు ఇక అవసరం లేదు. ఎంత తడికి ఎంత పంట అన్న లెక్క వాళ్ల ఒంటికి పట్టేసింది. మెకౌన్, హాక్‌మన్, కార్‌బెర్రీ దీని మీద 2012లో పత్రం రాశారు. సాఫ్ట్‌వేర్ కంపెనీ అయితే దీన్ని వాడకందారును పోగొట్టుకోవడం అంటుంది. బడిపంతులైతే పిల్లవాడు పాసయ్యాడంటాడు.

ఈ ఇద్దరి దారీ తర్వాత మనవైపు తిరిగింది. కార్‌బెర్రీ పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌కు వచ్చి దాని డైరెక్టర్ జనరల్‌గా పనిచేశారు. హాక్‌మన్ ఇక్కడి పరిశోధకులతో కలిసి తెలంగాణ చిన్న రైతుల మీద చేసిన పని 2017లో రెండు భాగాలుగా వచ్చింది. ఆస్ట్రేలియాలో వేల ఎకరాల రైతు, ఇక్కడ నాలుగెకరాల రైతు. అక్కడ మట్టి పరీక్షకు ట్రక్కు, ఇక్కడ ఊళ్లో వాన కొలిచే డబ్బా ఉంటే గొప్ప. కాబట్టి కంప్యూటర్‌ను రైతు చేతికివ్వాలన్న ఆలోచన పెట్టుకోలేదు. నమూనాను వెనక ఉంచుకుని, దాని లెక్కల్లోంచి ఊళ్లో చర్చకు పెట్టగలిగే సూత్రాలు తీశారు. మొదటి జల్లుకే పత్తి గింజ వెయ్యకుండా, నేల ఇంత తడిసేదాకా ఆగు. ఉన్న కాసిన్ని నీళ్లను వరికి పారబెట్టే బదులు మెట్టపైరు ఎండేటప్పుడు ఒక్క తడి ఇవ్వు. ఇలాంటివి. ఇవి పెద్దలు చెప్పే సామెతల్లాగే ఉన్నాయే అంటారా? అవును, సామెతంత చిన్నగా ఉంటేనే పొలందాకా నడుస్తుంది. తేడా ఏమిటంటే ఈ సామెతను దశాబ్దాల వానలకు ఎదురు నిలబెట్టి పరీక్షించారు.

మెసేజి వచ్చింది

మన దగ్గర ఇంకో దారి కూడా నడిచింది, రైతుకు నేరుగా సలహా పంపడం. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో పి. కృష్ణారెడ్డి నడిపిన 'ఈ-సాగు' 2004 ఖరీఫ్‌లో వరంగల్ జిల్లా ఆత్మకూరు మండలంలోని మూడు ఊళ్లలో, 1051 పత్తి పొలాలతో మొదలైంది. ఊరి కుర్రాళ్లే పొలం పొలం తిరిగి పైరుకు ఫోటోలు తీశారు. ఇంటర్నెట్ అందని చోటు కాబట్టి ఆ ఫోటోలను సీడీల్లో ఎక్కించి పార్సిల్ సర్వీసులో హైదరాబాద్ పంపారు. అక్కడ వ్యవసాయ నిపుణులు చూసి, ఒక్కో పొలానికి విడివిడిగా సలహా పంపేవారు. నవ్వొచ్చే ఏర్పాటులా ఉంటుంది గానీ, ఆ సలహా "మీ జిల్లా రైతులకు" అని కాక "మీ పొలానికి" అని వచ్చింది. ఆ రోజుల్లో అదేమీ చిన్న సంగతి కాదు.

పన్నెండేళ్ల తర్వాత, 2016లో, ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో ఏడు ఊళ్లను, 175 మంది రైతులను తీసుకున్నాయి. 1986 నుంచి 2015 వరకు ముప్పై ఏళ్ల వాతావరణ లెక్కలు, నేలలో తడి అంచనా, రాబోయే రోజుల వాన అంచనా కలిపి కృత్రిమ మేధతో విత్తే వారాన్ని లెక్కగట్టారు. తెలుగులో మెసేజి. ఇప్పుడొద్దు, ఆగండి, ఇప్పుడు విత్తండి. మామూలుగా జూన్ మొదట్లోనే విత్తేవాళ్లు ఆ మాట విని జూన్ ఆఖరు వారం దాకా ఆగారు. దిగుబడి సగటున 30 శాతం ఎక్కువొచ్చిందని ప్రకటించారు. మరుసటేడు ఆంధ్ర, కర్ణాటకల్లో మూడు వేల పైచిలుకు రైతులకు విస్తరించారు. దేశమంతా పేపర్లలో వచ్చింది.

నాకు ఆ వార్త చదివినప్పుడు సంతోషమేసింది. తర్వాత లెక్క చూసుకుంటే కొన్ని అనుమానాలొచ్చాయి. గాడ్గిల్, శేషగిరిరావు లెక్క జులై సగం దాటాక అంటోంది. ఈ మెసేజి ఆరుద్ర కార్తె మొదట్లోనే వెయ్యమంది. ఏది నిజం? రెండూ కావచ్చు. ఒకటి అనంతపురం నేలకు, ఎన్నో ఏళ్లు కలిపి చూస్తే గండం ఎప్పుడు తక్కువ అన్న లెక్క. రెండోది దేవనకొండలో ఆ ఒక్క ఏడాది, ఆ వారం నేలలో ఉన్న తడిని బట్టి చెప్పిన మాట. కాబట్టి "కంప్యూటర్ చెప్పింది" అనడంలో అర్థం లేదు, ఏ ప్రశ్న అడిగితే చెప్పింది అన్నది చూడాలి.

అదీగాక ఒక్క ఏడాది గెలుపు సలహాకు పరీక్ష కాదు. 2016లోనే ఆగస్టులో వానలు మొహం చాటేస్తే, ఎండుతున్న శెనక్కాయను కాపాడటానికి అనంతపురం జిల్లాలో సర్కారు రెయిన్‌గన్లు దించాల్సొచ్చింది. మంచి నిర్ణయానికి చెడ్డ పంట రావచ్చు, చెడ్డ నిర్ణయానికీ అదృష్టం కలిసి రావచ్చు. పేకాట తెలిసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. ముప్పై ఏళ్ల లెక్కతో పుట్టిన సలహాను ముప్పై శాతం అనే ఒక్క ఏడాది అంకెతో మెచ్చుకోవడం ఆ సలహాకే అన్యాయం.

తేదీ ఒక్క వాన చేతిలో లేదు

మా బంధువులది పులివెందుల వైపు ఒక పల్లె. ఒక ఏడాది జూన్‌లో నేను అక్కడుండగా ఫోన్లో వాన మెసేజి వచ్చింది. రెండు మూడు రోజుల్లో ఓ మోస్తరు వర్షం అని. వాన పడింది కూడా, వంకకు అవతల ఊళ్లో. ఇవతల దుమ్ము కూడా అణగలేదు. చిత్త చినుకు తన చిత్తమున్న చోట కురుస్తుందని ఊరికే అన్నారా! మెసేజి పంపినవాళ్ల లెక్కలో రెండు ఊళ్లూ ఒకే గడిలో ఉంటాయి, ఏం చేస్తారు?

మళ్లీ వారానికి నిజంగానే పదునైంది. మా మామ పొద్దున్నే చేలోకి పోయి, మడమతో గుంట చేసి, జానెడు లోతున మట్టి తీసి పిడికిట్లో నలిపి చూశాడు. ముద్దయి విడిపోయింది. "పదునే" అన్నాడు. అయినా ఆరోజు విత్తలేదు. ట్రాక్టర్ గొర్రు ఊళ్లో రెండే. అందరికీ పదునైంది ఒక్కరోజే. ఆయన వంతు మూడోరోజుకు వచ్చింది. ఆ ఎండకు అప్పటికే పైతడి పోయింది. ఒకప్పుడు ఇంటికో కాడి ఎద్దులుండేవి, తెల్లవారుజామునే మొదలుపెడితే సాయంత్రానికి తేలేది. ఎద్దులు పోయాయి, విత్తే రోజు ట్రాక్టర్ వరసలో నిలబడింది.

ఇంకా ఉన్నాయి. సబ్సిడీ విత్తనం ఎప్పుడిస్తారో అప్పటికే మనసు సగం సిద్ధమవుతుంది, విత్తనాలు ఇంట్లో పెట్టుకుని జులై నడిమి దాకా ఆగడం అంత సులభం కాదు, పురుగు పడుతుంది, అప్పులవాడు గుర్తుచేస్తాడు. పంటల బీమా గడువు మామూలుగా జులై నెలాఖరు. ఆశ్లేషలో విత్తడం మేలని నమూనా చెప్పొచ్చు, ఆ కార్తె వచ్చేసరికి బీమా కిటికీ మూసేసి ఉండొచ్చు. వానను బాగా లెక్కగట్టిన ప్రోగ్రాంలో ఈ మూడూ ఉండవు. కానీ రైతు తలలో ఉంటాయి. అతను సలహా వినలేదంటే మొండివాడని కాదు, మనం లెక్కలో వదిలేసినవి అతను లెక్కేస్తున్నాడని.

ఇప్పుడు ఊరూరా కౌంటర్లున్నాయి, ఫోన్లలో యాప్‌లున్నాయి, 1800-180-1551 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడే కిసాన్ కాల్ సెంటర్ ఉంది, ఆ ఏర్పాటు 2004 నాటిది. ఉపగ్రహం మా మామ చేను మీదుగా ఎన్నిసార్లు పోతోందో ఆయనకు తెలియదు. ఇవేవీ వద్దని నేను అనను. గాడ్గిల్ బృందం చూపించినట్టు, ఒక జీవితంలో చూడలేనన్ని ఏళ్లను చూపించగలిగేది ఆ యంత్రమే. కానీ దాల్బీలో కంప్యూటర్ తెరవకముందు మట్టి తీసినవాళ్లు నేర్చుకున్నది ఇక్కడ మళ్లీ నేర్చుకోవాల్సే ఉంది. "25న విత్తండి" అనే మెసేజి కంటే, "ఇలాంటి తడితో ఇప్పుడు వేస్తే పదేళ్లలో ఆరేళ్లు పండింది, రెండు వారాలాగితే ఎనిమిదేళ్లు పండింది" అనే మాట ఎక్కువ మర్యాదైనది. మొదటిది ఆజ్ఞ. తప్పైతే పంపినవాడికి పోయేదేం లేదు, ఇంకో ఏడాది ఇంకో మెసేజి పంపుతాడు. రెండోది లెక్క. దాంట్లో ట్రాక్టర్ వంతును, అప్పును, బీమా గడువును రైతు తనే కలుపుకోగలడు.

ఆ ఏడాది మా మామ చేలో శెనక్కాయ సగమే మొలిచింది. "ఆ రోజే వేసుంటే?" అని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, "వేసుంటే మొలిచేది. మొలిచింతర్వాత ఏమయ్యేదో నీ ఫోనుకేమన్నా తెలుసునా?" అన్నాడు.

తెలియదు. అయితే ఆయన ఊరి వానలను ఎవరైనా ముప్పై ఏళ్లు కొలిచి ఉంటే, ఆ ప్రశ్నకు ఒక అంచనా చెప్పగలిగేవాళ్లు. మరుసటి ఏడాది నేను కడప నుంచి ఒక వాన కొలిచే డబ్బా కొని పట్టుకుపోయాను. ఇప్పుడది మిద్దె మీద ఉంది. పడిన రోజున ఆయన మనవరాలు నోటుబుక్కులో రాస్తుంది.